డబ్బాలో లేని పాట

కుప్పం, ఆగస్టు 9

పెళ్ళికని వచ్చి ఆస్పత్రిలో పడ్డాం.

దయతో పాటు బడిలో పనిచేసిన టీచరమ్మ కూతురి పెళ్ళి. బంతిలో పక్కపక్కనే కూర్చున్నాం. దయ చేతిలో ముద్ద ఆకులోకి జారిపోయింది. "చూసుకొని తిను, చీర మీద పోసుకునేవు" అని కసిరాను. తను నా వైపు తిరిగి ఏదో అనబోయింది. మూతి ఒక పక్కకు పోయింది. అంతే. ముప్ఫై ఐదేళ్ళ కాపురంలో తను విని అర్థం చేసుకున్న నా చివరి మాట ఆ కసురుడేనేమో. ఛీ.

కుడి చెయ్యి, కుడి కాలు, మాట. మూడూ పోయాయి. డాక్టరు చిన్నవాడు, మంచివాడే. స్కాన్ ఫిల్ము లైటుకు పట్టి చూపించాడు. మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి మందుల స్టోరులో రిటైరయ్యేదాకా పనిచేసినవాణ్ణి, ఆ మచ్చ ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మాట ఎప్పుడొస్తుందని అడగలేదు. "నన్ను గుర్తుపడుతుందా?" అని మాత్రం అడిగాను.

"ఇప్పుడే చెప్పలేమండీ."

పొద్దున సిస్టరమ్మ దయ గడ్డం పట్టుకొని నా వైపు తిప్పింది. "అమ్మా, ఈయప్ప ఎవురు? సూడు." దయ చూసింది. గోడను చూసినట్టు చూసి తల తిప్పేసుకుంది.

మాట రాకపోతే పోనీ. నడవలేకపోతే నేను మోస్తాను. మాకు పిల్లలు లేరు, తనకు నేను, నాకు తను. నేనెవరో తనకు తెలియాలి. ప్రభువా, అంతకుమించి ఒక్కటి కూడా అడగను.


ఆగస్టు 10

ఈరోజు పాడింది! దయ పాడింది!

పక్క మంచంలో ఒక ముసలమ్మ. ఆమె కొడుకు నారాయణప్ప వెంకటగిరికోట దగ్గర టమాటా రైతు. తల్లి తలగడ పక్కన అరచేతిలో పట్టే నల్ల డబ్బా ఒకటి పెట్టాడు. రేడియో. ఎఫ్.ఎం., మీడియం వేవ్, షార్ట్ వేవ్ అన్నీ వస్తాయి, మెమరీ కార్డు పెడితే పాటలు వస్తాయి, నెత్తిన టార్చి కూడా ఉంది.

"ఆస్పత్రికి యాలప్పా ఇది?" అన్నాను.

"తోటలో పెట్టేది సారూ. అడవిపందులు వస్తాయి గదా. ఇది మాట్లాడతా ఉంటే ఆడ మనిసి ఉండాడనుకొని దగ్గరికి రావు. మాయమ్మకు ఇది లేకుంటే నిద్ర పట్టదు, అందుకని తోటకు సెలవిచ్చి తెస్తి."

కుప్పంలో ముల్లు ఎటు తిప్పినా తమిళమో కన్నడమో తగులుతుంది. సాయంత్రం ఆయన తిప్పుతూ తిప్పుతూ పోతుంటే, గరగరమనే చప్పుడులోంచి తెలుగులో మన క్రైస్తవ పాట ఒకటి వచ్చింది. సగం లైను కూడా కాలేదు, దయ పెదవులు కదిలాయి. తరువాత గొంతు. మాటలు మాటలుగా, రాగం రాగంగా, ఒక్క అక్షరం జారకుండా. నారాయణప్ప చేతులు జోడించాడు. సిస్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. నేను మంచం కోడు పట్టుకొని ఏడ్చాను.

పాట అయిపోగానే తనూ ఆగిపోయింది. "దయా, దయా, నన్ను చూడు" అంటే మళ్ళీ గోడ.

డాక్టరు వచ్చి, తలలో మాట ఉండే చోటు వేరు, పాట ఉండే చోటు వేరు అన్నాడు. పాట మిగిలిందట. "అంతమాత్రాన మాట వస్తుందని కాదండీ" అన్నాడు. వస్తుందని కాదు అన్నాడు గానీ, రాదని కూడా అనలేదు కదా.


ఆగస్టు 11

బస్టాండు దగ్గర అట్లాంటిదే కొన్నాను. ఎరుపు రంగుదే దొరికింది.


ఆగస్టు 18

వారం నుంచి డబ్బాయే మా ఇంటి పెద్ద. పొద్దున దాని ఏరియల్ లాగందే దయ నోరు తెరవదు, నోరు తెరిస్తేనే జావ పొయ్యగలను. ఎడమ చెయ్యి బాగానే ఆడుతోంది. ఆ చేత్తో తలగడ పక్కన తడుముతుంది. డబ్బా తగిలితే దాన్ని గుండెల మీదికి లాక్కుంటుంది. అదే చేతిని నేను పట్టుకుంటే విదిలించుకుంటుంది.

ఈ వయసులో నాకు సవతి పోరు. ఎవరితో చెప్పుకోను?

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఎప్పుడూ తప్పలేదు. పాట ఎత్తేది దయ. నేను బైబిలు చదవాలి, ఆమేన్ అనాలి, అంతవరకే నాకు అధికారం. ఒంటె అందానికి, గాడిద గాత్రానికి అంటారే, ఆ రెండోది నేను. అయినా ఊరుకునేవాణ్ణి కాదు, మధ్యలో గొంతు కలిపేవాణ్ణి. తను కళ్ళు మూసుకొని పాడుతూనే, పాట ఆపకుండా, కుడి చెయ్యి చాచి నాలుగు వేళ్ళు నా నోటి మీద పెట్టేది. నేను నోరు మూసుకునేవాణ్ణి. ఆమేన్ అయ్యాక ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. పెళ్ళయిన మొదటి వారం నుంచీ అంతే. కొన్నిసార్లు ఆ వేళ్ళ కోసమే గొంతు కలిపేవాణ్ణి. అది తనకూ తెలుసు.


పుంగనూరు, ఆగస్టు 26

ఆస్పత్రి నుంచి పంపించేశారు. కొన్నాళ్ళు పాపక్క ఇంట్లో ఉంటాం. దయకు సొంత అక్క, నాకు వదిన. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది, చెయ్యి ఆసరా అవుతుంది. మనిషి నోరు కారం, చెయ్యి తీపి.

ఈ ఇంట్లో డబ్బా గరగరమంటుంది తప్ప పలకదు. కిటికీ ఊచకు ఏరియల్ ఆనించి, పైన తడిగుడ్డ వేసి, నేను పక్కన ఒక చెయ్యి ఎత్తి నిలబడితే కాస్త వినిపిస్తుంది. పాపక్క చూసి, "సిలువ మోసినట్టు నిలబడతావేమప్పా" అని నవ్వింది.


ఆగస్టు 30

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

మధ్యాహ్నం పాపక్క దయ తలకు నూనె అంటుతూ వాళ్ళ నాయన పాట ఎత్తింది. మా మామ ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఉపదేశిగా తిరిగినవాడు. ఒకసారి వానలేని ఏడు, చింతమాను కింద ఆరాధన జరుపుతూ అల్లుకున్న పాట. ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. ఈ ఇద్దరు కూతుళ్ళకూ వచ్చు, విని విని నాకు వచ్చు. మా ఇంట్లో ప్రార్థన ఎప్పుడూ దానితోనే ముగిసేది.

చింతమాను కింద నీడ పెట్టినావు
చిన్నవాళ్ళ పక్కన తోడు పెట్టినావు
దారి మరిచినోళ్ళను పేరు పెట్టి పిలిచి
దాపుకు తెచ్చినావు తండ్రీ

రెండో లైనులో దయ అందుకుంది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ పాడారు. పాట ముగిశాక కూడా దయ తల తిప్పుకోలేదు. పాపక్క ముఖంలోకి అట్లాగే చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. ఎడమ చేత్తో అక్క కొంగు పట్టుకొని వదల్లేదు.

"నన్ను కనుక్కుంది సూడప్పా! మా సెల్లెలు నన్ను కనుక్కుంది!" పాపక్క ఏడుస్తోంది, నవ్వుతోంది.

నేను దగ్గరికి పోయి, "మరి నేనో? దయా, నేనో?" అన్నాను. కొంగు పట్టుకునే పక్కకు తిరిగింది.

డబ్బాను గుర్తుపట్టింది. అక్కను గుర్తుపట్టింది. సంతోషమే. సంతోషమే కదా, నాకేం.

"నేను కూడా ఆ పాట ఎత్తి చూస్తా వదినా" అన్నాను.

"నీకు దండం పెడతా, ఆ పని మాత్రం సెయ్యొద్దప్పా. దానికి ఉండే రవంత మతి కూడా పారిపోతుంది" అంది. తమాషాకే అంది. నేనూ నవ్వాను.


మదనపల్లె, సెప్టెంబరు 7

ఇంటికి వచ్చేశాం. పాపక్క వద్దంది. నేనే పట్టుబట్టాను. మా ఇల్లు, మా మంచం, మా గోడ గడియారం చూస్తే అన్నీ గుర్తుకొస్తాయి. ఆ ఇంట్లో అన్నీ అక్కవే కదా.

చర్చిలో పాటలు నడిపించే విన్సెంట్ వచ్చి, మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చాడు. దయ దగ్గర పాట నేర్చుకున్నవాడే. "నంబరు కొడితే ఆ పాట వస్తాదన్నా. యాడ ఆపితే మళ్ళీ ఆడి నుంచే మొదలవుతాది" అన్నాడు. మా మామ పాట ఉందా అన్నాను. "అది యాడుండాదన్నా, అక్క నోట్లో తప్ప" అన్నాడు.


సెప్టెంబరు 9

డబ్బాలో వేసేది పాత బటన్ ఫోన్ల బ్యాటరీయే. నా ఫోనూ అదే రకం. డబ్బా ఆగిపోతే ఫోన్లోది తీసి దాంట్లో వేస్తున్నాను, అది చార్జింగు ఎక్కేదాకా. నాకు ఫోన్లు ఎవరు చేస్తారు గనుక.

పాపక్క చేస్తుందట. పక్కింటివాళ్ళ ఫోనుకు చేసి తిట్టింది.


సెప్టెంబరు 11

రెండు ఇడ్లీలు తింది. బాగుంది.


సెప్టెంబరు 12

ఇడ్లీ ఒకటే తింది. పాడింది మాత్రం చాలాసేపు. బాగుంది.


సెప్టెంబరు 15, ఆదివారం

గుడిలో సాక్ష్యం చెప్పాను.

పక్కింటి ఆమెను దయ దగ్గర కూర్చోబెట్టి పోయాను. పాస్టరు అయ్యగారు "దేవుడు చేసిన మేలులు చెప్పేవాళ్ళు ఉంటే లేవండి" అన్నారు. లేవాలని అనుకోలేదు. లేచాను. దయ పాడుతున్న సంగతి చెప్పాను. అక్కడితో కూర్చోవలసింది. అందరూ నా నోటికేసి చూస్తున్నారు. "నిన్న సాయంత్రం నా భార్య నన్ను చూసి, 'ఏమప్పా, తిన్న్యావా?' అని అడిగింది" అన్నాను.

ఆడవాళ్ళ వైపు ఒక్కసారిగా ఏడుపు. చప్పట్లు. విన్సెంట్ స్తుతి పాట ఎత్తాడు. బయటికి వస్తుంటే ఎంతమంది నా చేతులు పట్టుకున్నారో.

నిజానికి తను అడగబోయింది. పెదవి కదిలింది, నేను చూశాను. అడగబోయినదాన్ని అడిగింది అంటే అబద్ధం ఎట్లా అవుతుంది? పొందకముందే పొందామని విశ్వసించి కృతజ్ఞత చెప్పండి అని అయ్యగారే ఎన్నిసార్లు ప్రసంగించలేదు? ముందుగా చెప్పాను, అంతే. ఇవాళ కాకపోతే రేపు అడుగుతుంది. కూరలో ఉప్పు వేసినట్టు కాస్త కలిపాను.

అక్కను గుర్తుపట్టినప్పుడు నన్ను గుర్తుపట్టదా?


సెప్టెంబరు 16

అడగలేదు.


సెప్టెంబరు 17

అయ్యగారు, స్త్రీల సమాజం వాళ్ళు, విన్సెంట్ వచ్చారు. ఆపిల్ పళ్ళు, హార్లిక్సు. మంచం చుట్టూ నిలబడ్డారు.

"దయమ్మా, ప్రసాదరావన్నను ఒకసారి పిలువమ్మా. మేమూ వింటాం."

దయ కిటికీ చూస్తోంది. ఒకామె గట్టిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు, "అక్కా! ఈయప్ప ఎవురు?" అంది. కిటికీయే. ఇంకొకామె చిటికెలు వేసింది. నా పెళ్ళాం ముందు చిటికెలు! చెయ్యి విరగ్గొట్టాలనిపించింది. పిలిచి తెచ్చుకున్నవాణ్ణి నేనే కదా, ఏమనగలను?

గబగబా డబ్బాలో నంబరు కొట్టాను. పాట రాగానే పాడింది. అందరూ హల్లెలూయా అన్నారు, కాస్త నెమ్మదిగా. అయ్యగారు పొడుగ్గా ప్రార్థన చేశారు. అందరూ పోయాక విన్సెంట్ చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"అన్నా, పాటే గదా?"

"మాట కూడా" అన్నాను.

"సరే అన్నా" అన్నాడు. నా వైపు చూడకుండా పోయాడు.


సెప్టెంబరు 18

ఈ వార్త పుంగనూరు పోతుందని నాకు ఎందుకు తట్టలేదు? బస్సులు నాకొక్కడికే తిరుగుతాయా?

పాపక్క పొద్దున్నే దిగింది. చెనక్కాయల పొడి డబ్బా, సంచీ గుమ్మంలోనే పడేసి, చెప్పులు కూడా విప్పకుండా మంచం దగ్గరికి పరుగెత్తింది.

"మాట్లాడతాండావంట గదే! ఏదీ, పాపక్కా అను. నా తల్లీ, ఒక్కసారి అను. పాపా అను, సాలు." దయ బుగ్గలు రెండూ పట్టుకొని అడిగింది. దయ చూసింది, ఎడమ చెయ్యి చాచి కొంగు పట్టుకుంది. మాట లేదు. పాపక్క ఎంతసేపు అడిగిందో. నేను వంటింట్లో పాలు కాచినవే మళ్ళీ కాచాను.

తరువాత వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది.

"ఏమప్పా, మాట్లాడిందంటివే?"

"నాతో అంది వదినా. నాతోనే..."

"నా కండ్లలోకి సూసి సెప్పు."

చూడలేకపోయాను.

"ఆలు లేదు సూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు..." అని, నాలుక కరుచుకుంది. పిల్లలు లేని ఇంట్లో అనకూడని సామెత. ఆమె ముఖం పాలిపోయింది. నాకు కోపం రాలేదు. సామెత నాకు సరిగ్గానే తగిలింది.

"దేవుని సమ్ముఖంలో ఎట్ల సెప్పితివప్పా? యాల సెప్పితివి?"

"నిన్ను గుర్తుపట్టింది వదినా. నన్ను పట్టలేదు" అన్నాను.

పాపక్క గడపలో కూర్చుండిపోయింది. పొయ్యికేసి చూసి, "పాలు పొంగిపోతాండాయి, దించు" అంది.


సెప్టెంబరు 22, ఆదివారం

గుడికి పోలేదు. రేడియోలో ఆరాధన పెట్టాను. దయ పాడింది.


సెప్టెంబరు 29

పోలేదు.


అక్టోబరు 3

అర ఇడ్లీ. బాగుంది.


అక్టోబరు 8

పాలు మాత్రం. మింగేటప్పుడు పొరబోతోంది. పాడుతూ మధ్యలో ఆయాసపడుతోంది. అలిసిపోయింది, అంతే. బాగానే ఉంది.


అక్టోబరు 12

మా ఆస్పత్రి పాత డాక్టరమ్మ ఇంటికి వచ్చి చూసింది. రొమ్ములో నెమ్ము చేరిందంది. "అడ్మిట్ చేద్దామా?" అన్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంట్లోనే పెట్టుకో ప్రసాదూ" అంది. మందుల స్టోరులో ఉన్నప్పుడు ఆ మాట ఎంతమందికి చెప్పగా విన్నానో. అర్థం కాలేదని నటించాను. ఆమె మందులు రాసింది. అవి ఎందుకు రాస్తారో కూడా నాకు తెలుసు.

పాపక్కకు చెప్పాను. సర్దుకొని వస్తానంది.


అక్టోబరు 16

ఏది ముందు రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

నిన్నటి నుంచి ముసురు. హార్స్లీ కొండ వైపు ఏమీ కనిపించడం లేదు, అంతా మబ్బు. బస్సులు సరిగ్గా లేక పాపక్క రాలేకపోయింది. పొద్దున కరెంటు పోయింది, రాలేదు. మధ్యాహ్నానికి డబ్బా ఆగిపోయింది. మూత తీస్తే దాని బ్యాటరీ బూరెలాగా ఉబ్బి ఉంది. ఫోన్లోది వేశాను. ఒక పాట పాడి అదీ కన్ను మూసింది.

దయ చెయ్యి తలగడ పక్కన తడుముతోంది. డబ్బా దొరికింది, గుండె మీద పెట్టుకుంది. అది పాడటం లేదు. బొత్తాల మీద గోళ్ళతో గీరింది. తరువాత మూలుగు మొదలయింది. నొప్పితో మూలిగేది కాదు, తప్పిపోయిన పిల్ల ఏడ్చినట్టు. దుప్పటి కప్పాను. వీపు నిమిరాను. కీర్తన చదివాను. నీళ్ళు చెంచాతో పెదవులకు అద్దాను. ఆగలేదు. వాన ఆగలేదు, తను ఆగలేదు.

సాయంత్రం ప్రార్థన వేళ అయింది. దీపం పెట్టాను. బైబిలు తెరిచాను, చదవలేకపోయాను. పాపక్క మాట గుర్తుకొచ్చింది, ఉండే రవంత మతీ పోతుందని. ఇక పోవడానికి ఏముంది అనిపించింది. ఎత్తాను.

చింతమాను కింద నీడ పెట్టినావు...

బావిలో బిందె జారిపడ్డట్టు వచ్చింది నా గొంతు. నాకే సిగ్గేసింది. దయ మూలుగు ఆగింది. ముఖం చిట్లించింది. బడిలో పిల్లలు రాగం తప్పితే చిట్లించేదే, అదే చిట్లింపు. నాకు ధైర్యం వచ్చింది. రెండో లైను ఇంకా పైకెత్తాను. ఇంకా ఘోరంగా వచ్చింది.

ఎడమ చెయ్యి లేచింది. డబ్బా కోసమనుకొని అందించబోయాను. చెయ్యి డబ్బాను దాటింది. గాల్లో వణుకుతూ వెతికింది, నా గడ్డం తగిలింది, పైకి పాకింది. నాలుగు వేళ్ళు. నా నోటి మీద.

నోరు మూసుకున్నాను.

మూసుకున్నాక తను పాడింది. దారి మరిచినోళ్ళను పేరు పెట్టి పిలిచి, అని. గొంతులో ఊపిరే ఎక్కువ, పాట తక్కువ. రాగం మాత్రం ఎక్కడా తప్పలేదు. కళ్ళు మూసుకొనే పాడింది. తండ్రీ అన్నాక కళ్ళు తెరిచి నన్ను చూసింది. గోడను కాదు, కిటికీని కాదు, నన్ను. మూతి బాగున్న పక్క కొంచెం నవ్వింది.

ఎప్పుడూ కుడి చెయ్యే. ఈసారి ఎడమది. దయా, దయా, ఈ లోకంలో నువ్వు అట్లా నోరు మూసేది ఇంకెవరిది?

తెలుసు. తనకు తెలుసు. నేనెవరో తనకు తెలుసు.

చెయ్యి అట్లాగే నా ముఖం మీద పెట్టుకొని నిద్రపోయింది. నేను కదల్లేదు. నడుము పట్టేసింది, అయినా కదల్లేదు.


అక్టోబరు 17

కరెంటు వచ్చింది. డబ్బా పెట్టాను. పాడలేదు. వింటోంది.


అక్టోబరు 18

పాపక్క వచ్చింది. చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఆమె నా కళ్ళలోకి చూస్తే ఇప్పుడు నేను చూడగలను. కానీ ఎట్లా చెప్పను? 'నాతో అంది వదినా' అని ఒకసారి చెప్పేశాను కదా. అబద్ధానికి ఖర్చు పెట్టిన మాటలు నిజానికి మిగల్లేదు.


అక్టోబరు 19

దయ పోయింది. తెల్లవారి, పాపక్క కాఫీ కలపడానికి లేచినప్పుడు. నా చెయ్యి తన చేతిలోనే ఉంది.


అక్టోబరు 20, ఆదివారం

ఆరాధన తరువాత సమాధి చేశారు. వాన లేదు. పెట్టెలో తన బైబిలు, పాటల పుస్తకం పెట్టారు. ఎవరో డబ్బా కూడా పెడదామన్నారు, ఆమెకు ఇష్టం కదా అని. వద్దన్నాను. కసిరే అన్నాను.

మట్టి ఎర్రగా, తడిగా ఉంది. పిడికెడు వేశాను.


అక్టోబరు 24

బయటికి పోయేటప్పుడు డబ్బా పెట్టే పోతున్నాను. తిరిగి వచ్చి తాళం తీసేటప్పుడు లోపల ఎవరో మాట్లాడుతూ ఉంటారు. నారాయణప్ప పందులు వెర్రివి కావు. ఇంట్లో మనిషి ఉందనే అనిపిస్తుంది, చెప్పులు విప్పే అంతసేపు.


అక్టోబరు 29

ఈరోజు దయ పేరున మా ఇంట్లో ఆదరణ కూడిక. ఇల్లు నిండింది, వాకిట్లో కూడా చాపలు వేశారు. పాపక్క గోడకు ఆనుకొని కూర్చుంది. ఆ సాక్ష్యం తరువాత ఇప్పుడే నేను అందరి ముఖాల్లోకీ చూశాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

విన్సెంట్ పాటలు పాడించాడు. అయ్యగారు వాక్యం చెప్పారు. ఆ తరువాత అలవాటు ప్రకారం, "ప్రసాదరావన్నా, దయమ్మ గురించి మీ సాక్ష్యం" అన్నారు. అనేశాక ఆయనకే గుర్తొచ్చినట్టుంది, తల వంచుకున్నారు.

లేచాను. ఆ వాన రోజు సంగతి మొత్తం గొంతులో ఉంది. చెయ్యి డబ్బాను దాటి వచ్చిన సంగతి. ఒక్కసారి చెబితే చాలు. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు పాపం ముసలాయన అనుకుంటారు. ఎవరైనా పాపం అనుకుంటే అది మాసిపోతుంది. అది నాది. దయది, నాది.

"సాక్ష్యం లేదయ్యా. ఆ రోజు నేను చెప్పింది జరగలేదు. నన్ను క్షమించండి" అన్నాను. "దయ పాట ఒకటుంది. అది పాడతాను" అన్నాను.

విన్సెంట్ కంగారుగా తలెత్తాడు. నా గొంతు అందరికీ తెలిసిందే. ఎత్తాను. మొదటి లైనుకే పిల్లలు కిసుక్కుమన్నారు, తల్లులు వాళ్ళను గిల్లారు. పాపక్క కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్విందో ఏడ్చిందో.

రెండో లైను దగ్గర ఆగాను. అలవాటు. ఆ చోటికే వచ్చేది చెయ్యి.

"పాడప్పా. పాడు. ఇంగ ఎవురుండారు నిన్ను ఆపేదానికి?" అంది పాపక్క గోడ దగ్గర నుంచి.

ఎవరూ లేరు. చివరిదాకా నేనే పాడవలసి వచ్చింది.